గ్రేడు పక్కన రెండు వాక్యాలు

మార్చి 15న ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మాకు ఊపిరి సలపదు. ఉదయం ఎనిమిదికే బెల్లు, పన్నెండున్నరకు అన్నం, తర్వాత పిల్లలు ఇళ్లకు. బడి గంటలు తగ్గుతాయి, పని మాత్రం ఏడాదంతా కలిపి అప్పుడే మీద పడుతుంది. మిగిలిపోయిన పాఠాలు, ఎఫ్‌ఏ-4 మార్కులు, ఏప్రిల్‌లో ఎస్‌ఏ-2 అనే ఏడాది చివరి పరీక్ష, పేపర్లు దిద్దడం, రిజిస్టర్లలో ఎక్కించడం, అవే మార్కులు మళ్లీ ఆన్‌లైన్‌లో కొట్టడం, ప్రోగ్రెస్ కార్డులు. ఇదంతా అయ్యేసరికి చివరి పనిదినం వచ్చేస్తుంది.

నేను తెలంగాణలో పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టర్ సార్ చూస్తారు. మూడు, నాలుగు, ఐదు నావి, మూడూ ఒకే గదిలో. పిల్లల్లో సగం మంది ఊళ్లోవాళ్లు, సగం మంది పక్క తండా నుంచి నడిచి వచ్చేవాళ్లు. ఇక్కడ రాస్తున్నది ఎస్‌ఏ-2 గురించే గానీ, అంతకంటే ఎక్కువగా దానికి ముందు పది పదిహేను రోజులు నేను చేసే ఇంకో పని గురించి. ఆ పని ఎవరూ అడగరు, ఏ పోర్టల్‌లోనూ దానికి గడి లేదు. నా వరకు ఏడాది చివర జరిగే అసలు మూల్యాంకనం అదే. పిల్లల పేర్లు రాయడం లేదు.

బడితో సంబంధం లేనివాళ్లకు కాస్త వివరం. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు. ఎఫ్‌ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం. తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పని, ఒక లఘు పరీక్ష, ఈ నాలుగూ చూసి మార్కులు వేస్తాం. ఎస్‌ఏ అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే పేపర్ ఇచ్చి రాయించే పరీక్ష. చివరికి ఏ ప్లస్ నుంచి సి దాకా ఒక గ్రేడ్. ఈ పద్ధతి తయారుచేసినవాళ్లు ఆలోచించే చేశారు. తెలుగులో చదివి అర్థం చేసుకోవడం వేరు, స్వీయరచన వేరు అని విడగొట్టారు. గణితంలో లెక్క చేయడం ఒక్కటే కాదు, ఎందుకలా చేశావో కారణం చెప్పడం కూడా ఒక విద్యా ప్రమాణం అన్నారు. పరిసరాల విజ్ఞానంలో ప్రశ్న అడగడానికీ, బొమ్మ గీయడానికీ, పటం చూడడానికీ విలువ ఇచ్చారు. వీటన్నిటినీ నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

చిక్కల్లా ఏమిటంటే, మూడు తరగతుల పేపర్లు వారం రోజుల్లో రాయించి, ఆ వెంటనే దిద్ది, ఫలానా తారీఖులోపు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ‘కారణాలు చెప్పడం’ అనే ప్రమాణాన్ని పిల్ల నోటితో వినడానికి టైమ్ ఎక్కడుంటుంది? పేపర్ మీద ఉన్న జవాబు ఒప్పో తప్పో చూసి మార్కు వేసేస్తాం. అక్కడ పిల్ల ఏం ఆలోచించిందో ఆ కాగితం చెప్పదు.

అందుకని మార్చి ఆఖరి వారం నుంచి రోజుకు ఇద్దరు ముగ్గురు పిల్లలను వరండాలోకి పిలుస్తాను. మిగతావాళ్లకు లోపల వర్క్‌బుక్ పనో, జట్టుగా చేసే పనో అప్పజెప్పి, గుమ్మం పక్కన చాప వేసుకుని కూర్చుంటాను. అక్కడి నుంచి గది మొత్తం కనిపిస్తుంది. పాత క్యాలెండర్ల వెనక నేనే రాసిన చదువు అట్టలు కొన్ని, పుల్లల కట్టలు, పిల్లలు ఆడుకునే ఉత్తుత్తి నోట్లు, ఒక పలక, నా నోట్‌బుక్. అంతే సరంజామా.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ఇలాగే జరుగుతుంది. పల్లెల్లో ఇళ్లకు వెళ్లి, ఒక్కో పిల్లతో విడిగా కూర్చుని చదివిస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతవరకే. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, తీసివేత, భాగహారం. 5 ఏళ్ల పిల్లకైనా 16 ఏళ్ల పిల్లకైనా అదే కాగితం. 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే. పెరిగినందుకు సంతోషమే, కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారనేది కూడా అదే అంకె చెబుతోంది. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమం పెట్టింది. 2022లో మా రాష్ట్రంలో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. తొలిమెట్టు వల్ల నాకు జరిగిన మేలు ఒకటుంది. పిల్లను ఆ పిల్ల ఉన్న స్థాయి నుంచి మొదలుపెట్టి నేర్పించవచ్చని అధికారికంగా ఒప్పుకున్నట్టయింది. నాలుగో తరగతి పిల్లాడితో గుణింతాలు చదివిస్తుంటే ‘ఇంకా సిలబస్ ఎప్పుడు చేస్తారు’ అని అడిగేవాళ్లు తగ్గారు.

చదువు అట్టలు పాఠ్యపుస్తకంలోంచి తీసుకోను. దానికి కారణం ఉంది. మా పిల్లలు పాఠాలు విని విని కంఠస్థం చేసేస్తారు. పుస్తకం మూసేసినా వేలు అట్ట మీద జరుపుతూ పాఠం మొత్తం అప్పజెప్పే పిల్లలున్నారు. చూసేవాళ్లకు ధారాళంగా చదువుతున్నట్టే ఉంటుంది. అందుకే ఊరి సంగతులతో కొత్తగా నాలుగు వాక్యాలు రాసుకుంటాను. ఈ ఏడు మూడో తరగతికి రాసిన అట్ట ఇది:

‘చెరువు గట్టు మీద పెద్ద మర్రిచెట్టు ఉంది. నిన్న ఒక మేకపిల్ల తప్పిపోయింది. తాత లైటు పట్టుకుని గట్టంతా వెతికాడు. చివరికి మేస్త్రీ ఇంటి వెనక చిన్న శబ్దం వినిపించింది.’

మూడో తరగతి పిల్ల ఒకటి చదవడం మొదలుపెట్టింది. గట్టు, చెట్టు, పిల్ల, తప్పిపోయింది, ఇవన్నీ ఎక్కడా ఆగకుండా చదివింది. మేస్త్రీ దగ్గర ఆగింది. నా ముఖం చూసింది. ‘మేసరీ’ అంది. శబ్దాన్ని ‘శబదం’ అంది. అంటే ఆ పిల్లకు ద్విత్వాక్షరాలు వచ్చేశాయి, సంయుక్తాక్షరాలు రాలేదు. ఒక అక్షరం కింద అదే అక్షరం ఒత్తు ఉంటే గట్టిగా పలకాలని తెలుసు. వేరే అక్షరం ఒత్తు ఉంటే రెండింటినీ కలిపి పలకాలని ఇంకా పట్టుబడలేదు. ‘చదవడంలో వెనకబడింది’ అని రాస్తే ఎవరికీ ఏమీ ఉపయోగం లేదు. ‘సంయుక్తాక్షరాలు కలిపి పలకడం రావాలి’ అని రాస్తే, ఈ పిల్లను రేపు ఏ టీచర్ చూసినా ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. పుస్తకం, నక్షత్రం, రాత్రి, శబ్దం లాంటి పదాలు రోజుకు ఐదు చదివిస్తూ, పలక మీద విడదీసి రాయించి మళ్లీ కలిపి రాయిస్తే సెలవుల్లోపే చాలావరకు దారికొస్తుంది. ఈ పిల్ల అలాగే వచ్చింది కూడా.

చదవడం అయ్యాక మాటలు. ‘తాత పగలు వెతికాడా, రాత్రి వెతికాడా?’ అని అడిగాను. అట్ట మీద రాత్రి అనే మాట లేదు. ఒక్క క్షణం అట్ట వైపు చూసి, ‘రాత్రే టీచర్. పగలైతే లైటు ఎందుకు?’ అంది. చదవడంలో తడబడిన పిల్లే. అర్థం చేసుకోవడంలో తడబాటే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు ఇంకో పిల్లవాడిది. నాలుగో తరగతి. గడగడా చదివేస్తాడు, దస్తూరి ముత్యాలే. తెలుగు పేపర్‌లో పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే ప్రతిసారీ మంచి మార్కులే. చాప మీద కూర్చోబెట్టి అదే లైటు ప్రశ్న అడిగితే ‘తాత లైటు పట్టుకుని గట్టంతా వెతికాడు’ అని వాక్యం చదివి వినిపించాడు. అది కాదు నాన్నా, పగలా రాత్రా అంటే మళ్లీ అదే వాక్యం. పేపర్‌లో వాడు చేసే పని అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది. ప్రశ్నలో ఏ మాట ఉందో చూస్తాడు, పేరాలో ఆ మాట ఉన్న వాక్యాన్ని వెతుకుతాడు, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తాడు. ఎక్కువ ప్రశ్నలకు ఆ ఉపాయం పనికొస్తుంది కూడా. ప్రోగ్రెస్ కార్డులో వాడికి ఏ, ఆ మూడో తరగతి పిల్లకు బి ప్లస్. ఇద్దరిలో ఎవరు చదువుకు దగ్గరగా ఉన్నారో గ్రేడ్ చూసి చెప్పగలరా?

అందుకే పేపర్ పిల్లల్ని తక్కువ చేసి చూపిస్తుంది అని మాత్రమే అనను. ఎక్కువ చేసి కూడా చూపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. తక్కువ మార్కులొచ్చిన పిల్ల వైపు ఎవరో ఒకరు చూస్తారు. ఏ వచ్చిన పిల్లవాడి వైపు ఎవరు చూస్తారు?

ఇక లెక్కలు. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

నాలుగో తరగతిలో ఇంకో అబ్బాయి. వాళ్ల నాన్నకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు. 402 లోంచి 178 తీసెయ్యమంటే 376 అని రాశాడు. ఇలాంటి జవాబు కనబడితే మనం ఇంటూ కొట్టి పేజీ తిప్పేస్తాం. కానీ 376 ఊరికే పుట్టలేదు. ఒకట్ల స్థానంలో 2, 8. పదుల స్థానంలో 0, 7. వందల్లో 4, 1. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. ఎనిమిదిలో రెండు పోతే ఆరు, ఏడులో సున్న పోతే ఏడు, నాలుగులో ఒకటి పోతే మూడు. ఎందుకలా చేశావని అడిగితే, ‘రెండుల ఎనిమిది పోదు కద టీచర్, అందుకే ఎనిమిదిల రెండు తీసిన’ అన్నాడు. వాడి దగ్గర ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని మూడు స్థానాల్లోనూ తు.చ. తప్పకుండా పాటించాడు. తప్పు నియమం, అంతే.

పలక పక్కన పెట్టించాను. ‘సరే, ఒకాయన మీ కొట్టుకొచ్చి నూట డెబ్బై ఎనిమిది రూపాయల సామాను కొన్నాడు. నీకు నాలుగొందల రెండు రూపాయలు ఇచ్చాడు. తిరిగి ఎంతిస్తావు?’

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేళ్లు మడుస్తూ పైకి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ‘నూట డెబ్బై ఎనిమిదికి రెండు ఇస్తే నూట ఎనభై. ఇంకో ఇరవై ఇస్తే రెండొందలు. ఇంకో రెండొందలిస్తే నాలుగొందలు. మీదికి రెండు. రెండొందల ఇరవై నాలుగు ఇయ్యాలె.’

అక్షరాలా 224. కాగితం మీద సున్నా మార్కులు వచ్చిన లెక్కను నోటితో, అదీ బడిలో ఎవరూ నేర్పని పద్ధతిలో, తప్పు లేకుండా చేశాడు. నోటితో చేసిన దానికీ పలక మీద రాసిన దానికీ సంబంధం ఉందని వాడికి తెలియదు. అవి రెండు వేరే ప్రపంచాలు వాడికి. అప్పుడు నోట్లు తీశాం. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ముందు పెట్టాను. ఎనిమిది రూపాయలు తియ్యి అంటే చిల్లర లేదన్నాడు. ‘మరి కొట్లో చిల్లర లేకపోతే ఏం చేస్తావు?’ అన్నాను. వెంటనే ఒక వంద నోటు ఇచ్చి పది పది నోట్లు తీసుకున్నాడు. అందులో ఒక పది ఇచ్చి పది రూపాయి బిళ్లలు తీసుకున్నాడు. ఇప్పుడు ముందున్నవి మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు. పలక మీద 4 కొట్టేసి 3, సున్న మీద 9, రెండు బదులు 12 వాడి చేతే రాయించాను. పన్నెండులో ఎనిమిది, తొమ్మిదిలో ఏడు, మూడులో ఒకటి. 224 వచ్చేసరికి పలక తిప్పి తిప్పి చూసుకున్నాడు. మధ్యలో సున్న ఉన్న తీసివేతలు మాత్రం ఇంకో రెండు రోజులు తడబడ్డాడు, నోట్లు అడిగి తీసుకుని చేశాడు. తర్వాత అడగడం మానేశాడు.

పరిసరాల విజ్ఞానంలో నాకు ఎప్పుడూ ఎదురయ్యే సమస్య భాష. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ. బడికి వచ్చాక తెలుగు, దానితోపాటే ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్నా, ఆ రెండూ పుస్తకం భాషలే. ‘మీ గ్రామంలోని నీటి వనరులను పేర్కొనండి’ అన్న ప్రశ్నకు ఐదో తరగతి పిల్లవాడు ఏమీ రాయకుండా వదిలేశాడు. వరండాలో ‘మీ తండాలో నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతయి?’ అని అడిగితే ఆపడం నా తరం కాలేదు. మిషన్ భగీరథ తాగునీటి నల్లా ఎప్పుడొస్తుంది, ఎన్నాళ్లకు ఒకసారి రాదు, తండా వెనక కుంట ఏ నెలలో ఎండిపోతుంది, ఎవరి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మేకలు ఏ తొట్టి దగ్గర నీళ్లు తాగుతాయి. నేలమీద సుద్దముక్కతో పటం గీసి మరీ చూపించాడు. దిక్కులు కూడా సరిగ్గానే పెట్టాడు. ప్రశ్నను పిల్లకు అర్థమయ్యే మాటల్లో ఒకసారి చదివి వినిపించే వీలు ప్రాథమిక తరగతుల పరీక్షలో తప్పకుండా ఉండాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ మనం పరీక్షిస్తున్నది నీళ్ల గురించి పిల్లకు తెలిసినదాన్ని కదా.

వలసల సంగతి చెప్పకుండా మా ప్రాంతంలో ఏ పరీక్ష గురించీ మాట్లాడలేం. పత్తి ఏరే రోజుల్లో పెద్ద పిల్లలు చేనులో ఉంటారు, లేదా చిన్న తమ్ముళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉంటారు. అమ్మానాన్నలు హైదరాబాద్‌కో, ముంబై, పుణె వైపో పనికి పోతే, అవ్వ దగ్గర వదిలేసిన పిల్లలు కొందరు, వెంట వెళ్లి సంక్రాంతి దాటాక తిరిగొచ్చేవాళ్లు కొందరు. నాలుగో తరగతిలో అలా వెళ్లి వచ్చిన అమ్మాయి ఉంది. జూన్‌లో చూసినప్పుడు అక్షరాలు గుర్తుపట్టేది, రెండక్షరాల పదం చదవడానికి కష్టపడేది. మధ్యలో నెలల తరబడి లేదు. ఏప్రిల్‌లో చిన్న చిన్న వాక్యాలు చదువుతోంది. తను ఉన్న తరగతితో పోలిస్తే సి గ్రేడే. తన జూన్‌తో పోలిస్తే రెండు స్థాయిలు దాటి వచ్చింది, అదీ సగం ఏడాదిలోనే. క్లాసులో ఇంకెవరూ అంత దూరం నడవలేదు. కార్డు మీద ఆ దూరం రాయడానికి చోటు లేదు.

అందుకే కార్డు వెనక ఖాళీ జాగాలో ప్రతి పిల్లకూ రెండు వాక్యాలు రాస్తాను. ఒకటి, ఇప్పుడు ఏమి వచ్చు. రెండు, తర్వాత ఏమి నేర్చుకోవాలి. ‘బాగా కృషి చేయాలి’, ‘శ్రద్ధ పెట్టాలి’ లాంటివి రాయను. అవి చదివిన అమ్మానాన్నలు పిల్లను తిట్టడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. కిరాణా కొట్టు అబ్బాయికి ఇలా రాశాను: ‘నోటి లెక్కలు చాలా బాగా చేస్తాడు, చిల్లర ఇవ్వడంలో తప్పు పోడు. మధ్యలో సున్న ఉన్న తీసివేతలు రాసి చేయడం ఇంకా అలవాటు కావాలి, రోజూ కొట్లో ఒక బిల్లు వాడి చేత రాయించండి.’ ఆ ఎత్తి రాసే అబ్బాయికి: ‘తప్పుల్లేకుండా చదువుతాడు, అందంగా రాస్తాడు. చదివినదాని గురించి ఎందుకు, ఎలా అని అడిగి మాట్లాడించండి.’

ఒక సమావేశంలో, సి గ్రేడ్లు ఎక్కువగా కనిపిస్తే బాగుండదని పెద్దవాళ్లు ఒకరు అన్నారు. అప్పుడు నేను లేచి చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను. సి గ్రేడ్ పిల్లకు అవమానం కాదు, సాయం కావాలని అడిగే చీటీ. దాన్ని చెరిపేసి బి అని రాస్తే వచ్చే ఏడు ఆ పిల్లకు అందాల్సిన సాయాన్ని మన చేతులతో మనమే ఆపినట్టు.

చివరి రోజు తల్లిదండ్రులను పిలుస్తాం. ఎక్కువమంది తల్లులే వస్తారు, కూలికి పోయే ముందు ఒక అరగంట. వాళ్లు అడిగేది ఒకే ప్రశ్న. వలస వెళ్లొచ్చిన ఆ అమ్మాయి వాళ్లమ్మ కూడా అదే అడిగింది.

‘మా పిల్ల పాసైందా మేడం?’

‘ఇక్కడ పాసూ ఫెయిలూ ఉండవమ్మా. ఐదుకు పోతుంది. కానీ ఏమొచ్చో ఏం రాదో చెబుతా, కూర్చో.’

‘ఊకె పైకి తోల్తరంట గద, సదువు రాకున్న?’

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదంది. 2019లో సవరణ చేసి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలేశారు. ఆపితే బాగుపడతారని వాదించేవాళ్లు నా తోటి టీచర్లలోనే చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఈ అమ్మాయిని నాలుగులోనే ఉంచితే, అదే పుస్తకం, అదే పాఠం, అదే గది, తనకంటే చిన్నపిల్లల మధ్య. మా వైపు అలాంటి ఆడపిల్ల బడి మానేసి పత్తి చేనుకు పోవడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. అలాగని ఏమీ చెప్పకుండా పైకి పంపించేయడం కూడా అన్యాయమే. తల్లి అడిగినదానికి జవాబు ఆ రెండింటిలో దేంట్లోనూ లేదు.

అందుకే అట్ట తీసి, అమ్మాయి చేత తల్లి ముందు చదివించాను. ‘గోడ మీద చిలుక ఉంది. చిలుక జామపండు తింది.’ మెల్లగా, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. తల్లికి చదువు రాదు. ‘నిజంగ అదే రాసున్నదా మేడం?’ అని అడిగింది. అదే ఉందన్నాను. తర్వాత కార్డు వెనక రాసింది చదివి వినిపించాను: ‘చిన్న వాక్యాలు చదువుతుంది. ఒత్తులున్న పదాలు నేర్చుకోవాలి. నవంబర్ నుంచి బడిలో ఉంటే ఐదో తరగతి పాఠం చదివేస్తుంది.’ చివరి వాక్యం కావాలనే రాశాను. ‘పత్తి టైంల అవ్వ దగ్గర ఇడిచిపోతం’ అంది. ఇప్పటికైతే నేనూ అంతకంటే ఎక్కువ అడగలేను.

నాలుగో తరగతి వాళ్లలో కొందరు ఐదో తరగతి గురుకులాల ప్రవేశ పరీక్ష రాశారు. సీటు వచ్చినవాళ్లు జూన్‌లో వెళ్లిపోతారు. ఐదో తరగతి వాళ్లు పక్క ఊరి హైస్కూల్లో ఆరుకు చేరతారు. అక్కడి టీచర్లకు టీసీ, బోనఫైడ్‌తో పాటు నా నోట్‌బుక్‌లోంచి ఒక్కో పిల్ల మీద ఒక్కో కాగితం పంపుతాను. మొదట్లో వాటిని ఎవరైనా చూస్తారా అనుకునేదాన్ని. కిందటేడాది అక్కడి గణితం సార్ ఫోన్ చేశారు. తీసివేతల గురించి ఇంత వివరంగా రాశారు, భాగహారం గురించి కూడా రాసి పంపండి మేడం, ఆరో తరగతిలో సగం టైమ్ దానికే పోతోంది అన్నారు.

ఈ ఏడు ఐదో తరగతి కాగితాల్లో భాగహారానికి వేరే గడి గీశాను. ప్రతి పిల్లకూ 612ను 6తో భాగించమని ఇచ్చాను. ఎక్కువమంది 12 అన్నారు. మధ్యలో ఒకటిని ఆరుతో భాగించలేమని తెలుసు, కానీ అక్కడ సున్న రాయాలని తెలియదు. ‘ఆరుగురికి ఆరొందల పన్నెండు రూపాయలు పంచితే తలా పన్నెండేనా?’ అంటే అందరూ ‘కాదు కాదు’ అన్నారు, నూట రెండు అని నోటితో చెప్పేశారు. కాగితాల మీద అదే రాశాను: జవాబు సరైనదేనా అని పంచి చూసుకోమని అడగండి, తప్పు వాళ్లే పట్టుకుంటారు. ఇద్దరికి మాత్రం పంచడం దగ్గరే చిక్కుంది, వాళ్లకు ఆరో ఎక్కమే సరిగా రాలేదు. వాళ్ల కాగితాలు సార్‌కు విడిగా పైన పెట్టి పంపించాను. జూన్ 12న బడి తెరిచాక మొదటి శనివారం నేనే ఒకసారి హైస్కూలుకు వెళ్లి వాళ్లను కూర్చోబెడతానని కూడా చెప్పాను.